ముందు చక్రాల కథ

"ఈ వయసులో జీపు బాగు చేయించడమేమిటే! పిచ్చి గాని పట్టలేదు కదా?" అని నా స్నేహితురాలు ఫోనులో పడీ పడీ నవ్వింది.

నవ్విందని నేనేం నొచ్చుకోలేదు లెండి. అరవై దాటిన ఆడది మనవలకు స్వెట్టర్లు అల్లితే ముచ్చట, కాశీకి వెళితే పుణ్యం. పశువుల కొట్టంలో ముప్పయ్యేళ్లుగా గడ్డి కప్పుకుని పడుకున్న జీపును బయటికి ఈడిపించి మేస్త్రీని పిలిపించిందంటే ఎవరికైనా నవ్వే వస్తుంది. నిజం చెప్పాలంటే నేను మొదలుపెట్టింది జీపు మీద ప్రేమతో కూడా కాదు. కొట్టం కూల్చి షెడ్డు వేద్దామనుకున్నాం. పాత ఇనుము కొనేవాడు వచ్చి, జీపు చుట్టూ ఒకసారి తిరిగి, కిలో లెక్కన ధర చెప్పాడు. మా పెళ్లయిన కొత్తలో దాని హారను వినబడితే వీధి వీధంతా అరుగుల మీదికి వచ్చేది. అలాంటిదాన్ని తూకానికి వేయడానికి మనసొప్పలేదు. అంతే.

నాది నల్లగొండ జిల్లా, దేవరకొండ వైపు. మెట్టినిల్లు పాలమూరు జిల్లా, కల్వకుర్తి వైపు. 2016లో జిల్లాలు ముక్కలై కల్వకుర్తి ఇప్పుడు నాగర్‌కర్నూలు జిల్లాలో ఉంది గాని, మా నోటికి మాత్రం అది ఇంకా పాలమూరే. రెండు వైపులా ఒకటే నేల. ఎర్ర చెల్కలు, రాతి గుట్టలు, వానాకాలం నాలుగు రోజులు పరుగెత్తి మిగతా ఏడాదంతా ఇసుకై పడుండే వాగులు. ఇలాంటి చోట జీపుకు ఉన్న మర్యాద పట్నంలో కారుకు ఎక్కడిది?

మేస్త్రీ విప్పడం మొదలుపెట్టాక నాకు ఈ బండి పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవాలనిపించింది. దీని జాతకం ఆడపిల్ల జాతకంలాగే ఉందండీ. ఒకచోట పుట్టి, ఇంకోచోట పెరిగి, మరెక్కడో చాకిరీ చేసింది.

1940లో, యూరపులో యుద్ధం ముదురుతున్న రోజుల్లో, అమెరికా సైన్యం 135 కంపెనీలకు కబురు పెట్టింది. తేలికగా ఉండాలి, నాలుగు చక్రాలూ లాగాలి, మొదటి బండిని 49 రోజుల్లో తెచ్చి చూపించాలి. ఇదీ షరతు. పెద్ద పెద్దవాళ్లంతా మావల్ల కాదన్నారు. పెన్సిల్వేనియాలో మూతపడబోతున్న బాంటమ్ అనే చిన్న కంపెనీ ఒక్కటే గడువు లోపల బండిని తెచ్చి నిలబెట్టింది. తీరా పని పెద్దదయ్యాక ఆర్డర్లు ఎక్కువగా విల్లీస్‌కూ ఫోర్డుకూ పోయాయి. వంట చేసిందొకరు, వడ్డించి పేరు తెచ్చుకుందింకొకరు అన్నమాట. యుద్ధం ముగిసేసరికి ఆ రెండు కంపెనీలూ కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి. జీపు అనే పేరు ఎలా వచ్చిందో మాత్రం ఎవరి కథ వారిదే.

యుద్ధం అయిపోగానే విల్లీస్ వాళ్లకు బెంగ పట్టుకుంది. సైన్యం కొనడం మానేస్తే ఈ బండిని కొనేదెవరు? రైతు కొంటాడనుకున్నారు. 1945లో సీజే-2ఏ అని ఒకటి బజారులోకి తెచ్చారు. సీజే అంటే సివిలియన్ జీపు. సైన్యంలో రిటైరై వ్యవసాయంలోకి దిగిన జవాను అనుకోండి. దానికి నాగలి కట్టవచ్చు, బరువు బండి తగిలించవచ్చు. ఇంజను బలాన్ని వెనక నుంచి బయటికి తీసుకునే ఏర్పాటు పెట్టించుకుంటే రంపం ఆడించవచ్చు. పొలంలో ట్రాక్టరు, ఊరికి కారు, రెండూ ఒకటే అని వాళ్ల ప్రచారం. 1953లో సీజే-3బీ వచ్చింది. ఇంజనులో గాలి పీల్చే వాల్వులు పైకి జరగడంతో దాని ఎత్తు పెరిగింది, దాంతో బానెట్టు కూడా ఎత్తుగా లేచింది. మా ఇంట్లో ఉన్నది ఈ ఎత్తు ముక్కుదే.

మన దేశానికి దీన్ని తెచ్చినవాళ్లు కైలాస్ చంద్ర మహీంద్రా, జగదీశ్ చంద్ర మహీంద్రా అనే అన్నదమ్ములు. 1945లో బొంబాయిలో పెట్టిన కంపెనీ పేరు మొదట మహీంద్రా అండ్ మొహమ్మద్. ఆ మొహమ్మద్ గారు, మాలిక్ గులాం మొహమ్మద్, దేశ విభజన తర్వాత పాకిస్తానుకు వెళ్లి ఆ దేశానికి తొలి ఆర్థిక మంత్రి అయ్యారు, తర్వాత గవర్నర్ జనరల్ కూడా అయ్యారు. 1948లో కంపెనీ మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. అమెరికా నుంచి విడిభాగాలు తెప్పించి బొంబాయిలో బిగించడంతో మొదలైన పని అది. అక్కడి అలవాటు ప్రకారం స్టీరింగు ఎడమ పక్కనే ఉండిపోయింది. ఏళ్ల తరబడి మన జీపుల వెనక "లెఫ్ట్ హ్యాండ్ డ్రైవ్" అని రాసి ఉండేది, గుర్తుందా? వెనక వచ్చేవాళ్లకు అది హెచ్చరిక.

ఇక మా జిల్లాలకు జీపు ఎలా వచ్చిందంటారా? భయంతో వచ్చింది.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం నిజాం రాజ్యంలో అడుగు పెట్టింది. 17న నిజాం లొంగిపోయాడు. రజాకార్ల పీడ వదిలిందని జనం ఊపిరి పీల్చుకున్నారు. అంతలోనే నల్లగొండ పల్లెల్లో సాయుధ పోరాటాన్ని అణచడానికి సైన్యం మళ్లీ తిరిగింది. ఆ పోరాటం 1951 అక్టోబరు దాకా సాగింది. మా నాయనమ్మ చెప్పేది, "దూరంగా దుమ్ము లేస్తే చాలు, మొగోళ్లు జొన్నచేన్లకు ఉరికేది, మేం తలుపులు బిగించుకునేది" అని. జీపు ఎవరిదో, ఎందుకు వస్తోందో అడిగే తీరిక ఎవరికీ లేదు. ఆ చప్పుడంటేనే దడ.

అదే 1951లో, ఏప్రిల్ 18న, వినోబా భావే అదే జిల్లాలోని పోచంపల్లికి వచ్చారు. ఆయన జీపులో రాలేదు, కాలినడకన వచ్చారు. దళితులు తమకు ఎనభై ఎకరాలు కావాలన్నారు. వెదిరె రామచంద్రారెడ్డి గారు లేచి వంద ఎకరాలు ఇస్తానన్నారు. భూదానం పుట్టింది అక్కడే. దుమ్ము లేపకుండా వచ్చిన మనిషికి ఊరు తలుపు తీసిందని మా నాయనమ్మ అనేది.

జీపుకు ఆ మర్యాద దక్కడానికి ఇంకొంత కాలం పట్టింది. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలైంది. బ్లాకులు, బ్లాకు డెవలప్‌మెంటు ఆఫీసర్లు, వాళ్లకు జీపులు. 1959 అక్టోబరులో నెహ్రూ గారు పాలమూరు జిల్లా షాద్‌నగర్‌కు వచ్చి మన రాష్ట్రంలో పంచాయతీరాజ్‌ను ప్రారంభించారు. సమితులు వచ్చాయి, సమితి జీపు వచ్చింది. ఆ జీపులో విత్తనాలూ ఎరువులూ వచ్చాయి, టీకాలు వేసే నర్సమ్మ వచ్చింది, భుజాన సంచీ వేసుకుని గ్రామసేవిక దిగింది. ఆడది జీపులో నుంచి దిగి, మగవాళ్ల ముందు నిలబడి, మాట్లాడడం మా ఊళ్లో అదే మొదటిసారట. మహిళా మండలి అని పేరు పెట్టి కుట్టు మిషను నేర్పిన ఆమెను చూడడానికి మా అత్తమ్మ తలుపు చాటు నుంచి బయటికి వచ్చానని చెప్పేది. తలుపులు బిగించుకునేలా చేసిన చప్పుడే తలుపులు తెరిపించింది చూడండి.

అలాంటి సమితి జీపు ఒకదాన్ని మా మామయ్య వేలంలో కొన్నారు. మా ఇంటికి వచ్చాక అది చేయని పని లేదు. బాదేపల్లి మార్కెట్టుకు పల్లికాయ బస్తాలు మోసింది. బురదలో దిగబడ్డ ఎడ్లబండ్లను లాగింది. పెళ్లికూతుళ్లను అత్తవారింట దింపింది. పాము కరిచినా, పురుటినొప్పులు వచ్చినా దవాఖానకు అదే దిక్కు. 108 వచ్చింది 2005లో కదా! అంతకు ముందు మా పల్లెలకు అంబులెన్సు అంటే జీపున్నవాడి దయ. అయితే ఒకటి. ఆడవాళ్లం ఎప్పుడూ వెనకే, ఎదురెదురు బల్లల మీద మోకాళ్లు తగిలించుకుని కూర్చునేవాళ్లం. ముందు సీటు మగవాళ్లది.

అప్పుడే 1973లో అరబ్బు దేశాలు చమురు బిగించాయి. కొద్ది నెలల్లో ముడి చమురు ధర నాలుగింతలైంది. ఎక్కడి అరేబియా, ఎక్కడి కల్వకుర్తి! అయినా దెబ్బ మా ఇంటి దాకా వచ్చింది. పెట్రోలు జీపు లీటరుకు ఎనిమిది కిలోమీటర్లు ఇస్తే గొప్ప. జీపులున్నవాళ్లందరూ ఆదా మార్గాలు వెదికారు. కొందరు పెట్రోలులో కిరసనాయిలు కలిపారు. కొందరు డీజిలు ఇంజన్లు పెట్టించారు. ఇంకొందరు ఇంకో పని చేశారు. ఆ సంగతి నాకు తెలిసింది నిరుడే.

పెద్ద మేస్త్రీ కల్వకుర్తివాడు. డెబ్బయి ఏళ్లుంటాయి. చత్వారం అద్దాలు నుదుటికి ఎత్తి, చేత్తో తడిమి రోగం చెబుతాడు. ఇంజను బిగుసుకుపోయి ఉంది. ప్లగ్గులు తీసి ఆ రంధ్రాల్లో డీజిలు పోసి వారం రోజులు వదిలేశాడు. తొమ్మిదో రోజు హ్యాండిలు వేసి తిప్పితే పిస్టన్లు కిర్రుమని కదిలాయి. "గుండె కొట్టుకుంటాందమ్మా" అన్నాడు. ఆ తర్వాత బోరు కొట్టించడం, కొత్త రింగులు, క్లచ్ ప్లేటు, బ్రేకు సిలిండర్లలో రబ్బరు వాషర్లు. దేనికైనా సికిందరాబాదు రాణిగంజ్ వెళ్లాల్సిందే. కమాన్ కట్టలు విప్పి తుప్పు గీకి మళ్లీ కట్టారు. పెయింటు గురించి మా అబ్బాయి ఎరుపన్నాడు, నేను పాత బూడిద రంగే అన్నాను.

ఒక రోజు మేస్త్రీ బండి కిందికి దూరి ఎంతకూ బయటికి రాలేదు. వచ్చాక అడిగాడు, "అమ్మా, ముందు ప్రొపెల్లర్ షాఫ్టు ఏదీ?"

"షాఫ్టు అంటే?"

ఆయన నేల మీద పుల్లతో బొమ్మ గీసి చెప్పాడు. ఇంజను బలం గేరు పెట్టెకు వస్తుంది. అక్కడి నుంచి ఇంకో చిన్న పెట్టెకు వస్తుంది. దాని నుంచి ఒక ఇనుప గొట్టం వెనక ఇరుసుకు, ఒకటి ముందు ఇరుసుకు వెళతాయి. డ్రైవరు పక్కన పెద్ద గేరు రాడ్డు కాక రెండు పిల్ల రాడ్లు ఉంటాయి. ఒకటి ముందు చక్రాలను కలుపుతుంది. రెండోది వేగం తగ్గించి లాగుడు సుమారు రెండున్నర రెట్లు పెంచుతుంది. నిచ్చెనను నిటారుగా వేసి ఎక్కడానికీ, ఏటవాలుగా వేసి ఎక్కడానికీ తేడా లేదూ? అలాంటిది.

"మామూలు బండికి రెండు చక్రాలే కదా లాగేది? అది చాలదా?" అన్నాను.

"రోడ్డు మీద చాలు. ఇసుకల చాలదు." మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి. అందుకని రెండు చక్రాలనూ విడివిడిగా తిరగనిచ్చే పళ్ల అమరిక ఒకటి ఇరుసు మధ్యన ఉంటుంది. దాంట్లో ఒక చిక్కుంది. ఒక చక్రం ఇసుకలో జారిందంటే అదే గిర్రున తిరుగుతుంది, గట్టి నేల మీదున్నది ఊరికే కూర్చుంటుంది. పని చేయగలవాణ్ణి వదిలేసి గొంతు చించుకునేవాడికి పెత్తనం ఇచ్చినట్టు! అప్పుడు ముందు ఇరుసు కూడా అందుకుంటేనే బండి బయటపడుతుంది. తారు రోడ్డు మీద మాత్రం ముందు చక్రాలు కలపకూడదు, గేర్లు బిగుసుకుంటాయి.

"మరి షాఫ్టు ఏమైనట్టు?"

"పెట్రోలు ఆదా అయితదని ఆ కాలంల శానామంది తీసేసిన్రమ్మా. ఏం ఆదా? షాఫ్టు తీసినా ముందు చక్రాలతో లోపలి గేర్లు తిరుగుతనే ఉంటయి. మిగిలేది చెంచాడు."

నాకు ఒళ్లు చల్లబడింది. అటక మీద గోనెసంచీలో చుట్టిన ఒక పొడుగాటి మూట గుర్తొచ్చింది. ప్రతి దసరాకూ మామయ్య దాన్ని దింపి, విప్పకుండానే నూనె రాసి, ఆయుధపూజలో కుంకుమ పెట్టి, మళ్లీ అటక ఎక్కించేవారు. బావి మోటారుదేదో అనుకునేవాళ్లం. మేస్త్రీ విప్పి చూసి తల ఊపాడు. అదే.

1978 భాద్రపదం. నాకు పెళ్లయి ఏడాది. మా తోడికోడలికి, మా వైపు మాటలో యారాలికి, తొలి కాన్పు. నేను అక్కా అని పిలుస్తాను. మామయ్య హైదరాబాదు వెళ్లారు. అర్ధరాత్రి నొప్పులు ఎక్కువైతే బావగారే జీపు తీశారు. అత్తమ్మ, నేను, అక్క వెనక. దుందుభి వాగులో అప్పటికి వరద తగ్గింది, మోకాలి లోతు నీళ్లు. నడి వాగులో వెనక చక్రాలు ఇసుకలో దిగబడ్డాయి. బావగారు ఆ పిల్ల రాడ్డు లాగడం నేను కళ్లారా చూశాను. ఎన్నిసార్లు లాగినా ఏమీ కాలేదు. రాడ్డు తుప్పు పట్టిందనుకున్నారాయన. ఊళ్లోకి పరుగెత్తి ఎడ్లను తోలుకొచ్చేసరికి తెల్లవారింది. అప్పటికే జీపులో కాన్పయింది. అక్క దక్కింది. బిడ్డ దక్కలేదు.

తర్వాత ఇంట్లో ఏమన్నామో తెలుసా? "సాయంత్రం నొప్పులు మొదలైనప్పుడే చెబితే అయిపోయేది. సిగ్గుపడి దాచింది." అత్తమ్మ అన్నది, ఇరుగుపొరుగు అన్నారు. నేనూ అన్నాను. అక్క ఎన్నడూ ఎదురు చెప్పలేదు. తర్వాత ఇద్దరు పిల్లలు పుట్టారు, వాళ్లకు పెళ్లిళ్లయ్యాయి. కాని ఏ ఇంట్లో కడుపుతో ఉన్న పిల్ల కనబడినా అక్క అనే మాట ఒకటే, "జెర నొప్పి లేసినా చెప్పు బిడ్డా, దాచకు." ఆ తప్పు తనదేనని ఇన్నేళ్లూ మోసింది.

మామయ్య ఆ రాత్రి తర్వాత జీపు స్టీరింగు ముట్టుకోలేదు. షాఫ్టు తిరిగి బిగించనూ లేదు. బిగిస్తే తీశానని ఒప్పుకున్నట్టవుతుందనుకున్నారో ఏమో. పెద్దాయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఆయన మీద తీర్పు చెప్పాలని నాకు లేదు. అప్పుడు అందరూ చేసిన పనే ఆయనా చేశారు. కాని అక్కకు చెప్పాలా వద్దా? వారం రోజులు నిద్ర పట్టలేదు. "పోనిద్దూ, మానిన పుండు" అన్నారు మావారు. అది మానలేదని నాకు తెలుసు.

చెప్పాను. గోనెసంచీ విప్పి చూపించే చెప్పాను. అక్క ఆ ఇనుప గొట్టాన్ని చేత్తో నిమిరింది. చాలాసేపటికి అన్నది, "అయితే నాది కాదన్నట్టు."

"కాదక్కా. నేను కూడా అన్నాను ఆనాడు. నన్ను క్షమించు" అన్నాను. ఆమె ఏమీ అనకుండా కొంగుతో ముఖం తుడుచుకుంది.

మేస్త్రీని నేనొక మాట అడిగాను, షాఫ్టు ఉంటే ఆ రాత్రి బండి బయటపడేదా అని. ఆయన అబద్ధమాడలేదు. "చెప్పలేమమ్మా, ఇసుక ఇసుకనే. కని ఒక మోకా ఉంటుండె" అన్నాడు. కొత్త క్రాసులు వేసి షాఫ్టును దాని చోట దాన్ని బిగించాడు. ఇన్నేళ్ల నూనెకు దానికి చుక్క తుప్పు పట్టలేదు.

బండి తయారయ్యాక కాగితాల పేచీ వచ్చింది. 2021లో కేంద్ర ప్రభుత్వం ఒక నియమం తెచ్చింది. యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండికి "వీఏ" అక్షరాలతో వింటేజ్ నంబరు ఇస్తారు, రుసుము 20,000 రూపాయలు. మా అబ్బాయి ఎగిరి గంతేశాడు. తీరా చదివితే, అలాంటి బండి ప్రదర్శనలకూ ర్యాలీలకూ, పెట్రోలుకూ మరమ్మతుకూ తప్ప మామూలు పనికి రోడ్డెక్కకూడదట. గౌరవం పేరుతో గూట్లో కూర్చోబెట్టడమే కదా! వద్దన్నాను. ఫిట్‌నెస్ పరీక్ష చేయించి, పాత పన్నులు కట్టి, అయిదేళ్లకు మామూలు రిజిస్ట్రేషనే పొడిగించుకున్నాం.

కారు నడపడం నాకు వచ్చు గాని ఈ ఎడమ స్టీరింగుతో నెల రోజులు కుస్తీ పట్టాను. గేరు మార్చడానికి కుడిచేయి, క్లచ్చు తొక్కడానికి ఒంటి బరువంతా కావాలి. స్టీరింగు తిప్పితే భుజాలు లాగేస్తాయి. ముందే ఆలోచించి మలుపు తిరగాలి, ముందే ఆలోచించి బ్రేకు వేయాలి. తొందర పనికిరాని బండి.

మొన్న ఎండాకాలం అక్కను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని బయల్దేరాను. వాగు మీద ఇప్పుడు వంతెన ఉంది. వంతెన దగ్గర ఆపి, "కింది నుంచి పోదామా?" అన్నాను. ఆమె నా వైపు చూసి తల ఊపింది. టైర్లలో కొంచెం గాలి తీశాను. రెండు పిల్ల రాడ్లూ పట్టించాను. కాళ్లు వణికాయి, దాచుకోను. బండి మూలుగుతూ, మనిషి నడక కంటే మెల్లగా, ఇసుకలోకి దిగింది. వెనక చక్రం ఒకటి జారడం తెలిసింది. అంతలో ముందు చక్రాలు అందుకున్నాయి. అంతే, ఒడ్డెక్కాం.

అక్క వెనక్కి తిరిగి ఆ ఇసుకను చూసింది. "గింతేనా!" అన్నది.

గట్టిగా లెక్కపెడితే వంద గజాలు ఉండదు.

అక్కడి నుంచి కల్వకుర్తి వెళ్లి, గాజులు వేయించుకుని, కూరగాయలు కొనుక్కుని వచ్చాం. దసరాకు జీపు కడిగి నిమ్మకాయలు పెట్టాం. అటక మీద ఖాళీ గోనెసంచీ దులిపి ఎండలో ఆరేశాను. ముందు చక్రాలకు కుంకుమ బొట్లు మాత్రం అక్కే పెట్టింది.